కన్నం పడని డ్రమ్ము

ఏజెంట్ నైన్ ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చున్న కుర్చీలోనే చనిపోయాడు. ఒళ్లో పేపరు, చేతిలో సగం తాగిన టీ. సైనైడ్ అని డాక్టరు తేల్చాడు. బూటు మడమలో దాచిన చీటీలో రెండే మాటలున్నాయి: ఖాళీ డ్రమ్ము.

మర్నాడు కలకత్తాలో గూఢచారి శాఖ చీఫ్ ఆర్థర్ ఆ చీటీని బల్లమీదుగా తోశాడు. ఎదురుగా కూర్చున్నది నగరేశ్వరరావు, ఏజెంట్ ఇలెవెన్.

"ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్ అవతల ఒక ప్లేటింగ్ ఫ్యాక్టరీ ఉంది. ఆర్మీ రాడార్ భాగాలకి అక్కడే పూత వేస్తారు. ఆ డ్రాయింగుల్ని ఎవరో మైక్రోఫిల్మ్ తీశారు. ఫిల్మ్ ఇంకా గేటు దాటలేదు."

"ఎందుకని?"

"ప్రతి మనిషినీ సోదా చేస్తారు. సోదా లేకుండా పోయేవి పూతకి వాడే సైనైడ్ ఖాళీ డ్రమ్ములే. వాటిలో చెయ్యి పెట్టే ధైర్యం ఏ వాచ్‌మన్‌కీ లేదు. దొంగ అడుగు బిగించి అందులో ఫిల్మ్ పంపుదామంటే, అక్కడి స్టోర్‌కీపర్ ప్రతి డ్రమ్ముకీ గునపంతో అడుగున కన్నం పొడుస్తాడు."

"మంచివాడే."

"మరీ మంచివాడు. ఒక్క డ్రమ్ము వదిలాడంటే ముఠా అంతా మన వలలో పడుతుంది. లోపల లీలావతి ఉంది, లాబ్ అసిస్టెంట్. వాళ్లకీ పనిచేస్తుంది, మనకీ పనిచేస్తుంది."

"నా వేషం?"

"ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్. అక్కడ అసలు ఇన్‌స్పెక్టర్ మొహం ఎవరూ చూడలేదు. దొరికిపోతావన్న భయం లేదు."

అది 1966 మే నెల. తలమీద టోపీ, చంకలో ఫైలు, కెమెరా దాచిన సిగరెట్ లైటరు. ఆ సరంజామాతో నగరేశ్వరరావు ఫ్యాక్టరీలో అడుగుపెట్టాడు. ఆసిడ్ తొట్టెలకు మూతల్లేవు. గాలి బయటికి లాగే ఫ్యాను తిరగడం లేదు. పనివాళ్ల గ్లవ్స్ వేళ్ల దగ్గర చిరిగాయి. వేషం కోసమే అనుకుంటూ అన్నీ ఫైల్లో రాసుకున్నాడు.

నల్లకళ్లద్దాలు, గంధం రంగు సిల్కు చీరతో లీలావతి పక్కకు వచ్చింది. "రథయాత్రకి టిక్కెట్లు దొరుకుతాయా?"

"వాన పడితే దొరుకుతాయి." సంకేతం కలిసింది.

"రేపు పొద్దున్న. ఎర్ర గీత ఉన్న డ్రమ్ము," అని వెళ్లిపోయింది. ఆమె సెంటు వాసనకి ఆసిడ్ వాసన కూడా ఒక్క క్షణం వెనక్కి తగ్గింది.

స్టోరు గదిలో ముసలి స్టోర్‌కీపర్ సుబ్బరాయుడు గబగబా లేచి, తువ్వాలుతో కుర్చీ తుడిచాడు.

"ఏడేళ్లనించి ఉత్తరాలు రాస్తన్నాను బాబూ, ఇనిస్పెక్టర్ని పంపండని. ఇన్నాళ్లకి వొచ్చినారు," అన్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

నగరేశ్వరరావు తల తిప్పుకుని, ఎర్ర గీత డ్రమ్ముకి కన్నం పొడవద్దని చెప్పాడు. ప్రభుత్వ పరీక్ష అన్నాడు.

"వొద్దు బాబూ. ఇంకేటన్నా సెప్పండి, సేస్తాను."

"ఒక్క డ్రమ్మే."

సుబ్బరాయుడు నెమ్మదిగా కూర్చున్నాడు. "నాకో పాప ఉండీది. కుసుమ. ఎనిమిదేళ్లు. ఎండాకాలం, కుళాయి రాలేదు. నేనే ఓ ఖాళీ డ్రమ్ము ఇంటికి తీసుకెల్లినాను. మూడుసార్లు కడిగినాను బాబూ. బడినించొచ్చి గ్లాసుడు నీళ్లు తాగినాది. అంతే, పోనాది."

నగరేశ్వరరావు నాలుగు భాషల్లో తడుముకోకుండా అబద్ధం ఆడగలడు. ఆ పూట తెలుగులో ఆడటానికే నోరు రాలేదు. అయినా ఆడాడు. అందుకే గదా అతన్ని పంపింది.

"రేపు సాయంత్రానికల్లా ఆ డ్రమ్ముకి నేనే కన్నం పొడుస్తాను. మాట ఇస్తున్నాను." ముసలాయన చేతిలోంచి గునపం తీసుకున్నాడు. డ్రమ్ము మీద సుద్దతో 'పాస్' అని రాసి సంతకం పెట్టాడు.

"మీరు గవర్నమెంటోరు. మీ మాట మీద వొదుల్తన్నాను," అన్నాడు సుబ్బరాయుడు.

మర్నాడు డ్రమ్ము తోపుడుబండి మీద గేటు దాటింది, గోల్‌బజార్‌లో పాతసామాన్ల కొట్టు చేరింది. కాసేపటికి ఆ కొట్టులోంచి నర్సు వేషంలో లీలావతి బయటపడి స్టేషన్‌కి రిక్షా ఎక్కింది. నగరేశ్వరరావు ఫిల్మ్ వెంట వెళ్లాడు. డ్రమ్ము వెంట ఎవరూ వెళ్లలేదు.

మద్రాసు మెయిల్ ఫస్ట్ క్లాసులో, పక్షుల మీద పుస్తకం రాస్తున్నానని చెప్పుకునే ఒక విదేశీయుడు కిటికీలోంచి చెయ్యి చాచాడు. లీలావతి ఫిల్మ్ అందించింది. రైలు కదిలింది. నగరేశ్వరరావు పరుగెత్తాడు. ఆ ప్లాట్‌ఫారం ఎంతకీ అయిపోదు, ఆ రోజు దేశాన్ని కాపాడింది అదే. చివరి పది గజాల్లో ఫుట్‌బోర్డు అందుకున్నాడు, గొలుసు లాగాడు, పిస్టల్ తీశాడు. బైనాక్యులర్స్ గొట్టంలో ఫిల్మ్ దొరికింది. అదే సమయానికి కొట్టువాణ్ణి పోలీసులు పట్టుకున్నారు.

"కంగ్రాచులేషన్స్," అంది లీలావతి, కిందికి దిగిన అతనితో.

"డ్రమ్ము కొట్టులోనే ఉందిగా?"

"సాక్ష్యం ఎవరు దాచుకుంటారు? వెంటనే అమ్మేశాడు. బజార్లో మన తెలుగువాళ్లు చలివేంద్రం పెడుతున్నారట. నీళ్లకి తీసుకున్నారు."

"నీకు ముందే తెలుసా?"

"మీరు ఫిల్మ్ గురించి అడిగారు. డ్రమ్ము గురించి అడగలేదు."

నిజమే, అడగలేదు. జీపులో గోల్‌బజార్ చేరేవరకూ అతనికి ఆ మాటే వినబడుతూ ఉంది.

బట్టల కొట్ల ముందు తాటాకు పందిరి. చుట్టూ జనం. ఎర్ర గీత డ్రమ్ము నిండా నీళ్లున్నాయి. పక్కన నేలమీద సుబ్బరాయుడు. ఆయన తల కిరాణా కొట్టు కనకమ్మ ఒళ్లో ఉంది. నీళ్లు పోసే పుణ్యం కోసం ఆ పందిరి వేయించింది ఆమే.

"డ్రమ్ము ఎతుక్కుంటా, తాగొద్దు తాగొద్దని అరుసుకుంటా వొచ్చినాడు బాబూ," అంది కనకమ్మ. "పిచ్చోడనుకున్నాం. డ్రమ్ము తోసీబోతే మావోళ్లు పట్టీసుకున్నారు. సూడు తాతా, ఇనిస్పెక్టరు పాసని సంతకం ఎట్టినాడు కదా అని మేమే సూపించినాం. అది సూసినాడు. నా సేతిలో గ్లాసు లాక్కుని గడగడా తాగీసినాడు. ఇప్పుడు నమ్ముతారా అన్నాడు."

నమ్మారు. ఇంకెవరూ ఒక్క చుక్క ముట్టలేదు.

నగరేశ్వరరావు ఆయన పక్కన మోకాళ్ల మీద కూలబడి, జనం చూస్తున్నారన్న సిగ్గు లేకుండా ఏడ్చాడు. గూఢచారులు ఏడవరని ఎవరన్నారో గానీ, వాళ్లు ఆ పందిరి కింద నిలబడి ఉండరు.

ఫ్యాక్టరీ కెమిస్టు వచ్చి, ఆ నీళ్లు జాగ్రత్తగా తీయించి, విషం విరిచేసరికి సాయంత్రమైంది. నగరేశ్వరరావు జీపులోంచి గునపం తెచ్చి డ్రమ్ము అడుగున పొడిచాడు. ఒక్క కన్నం చాలు. ఆగలేక ఇంకా ఇంకా పొడిచాడు. కనకమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

పోస్టాఫీసు నుంచి కలకత్తాకి ఫోను కలిసింది.

"ఫిల్మ్ దొరికింది, ముఠా దొరికింది. బ్రేవో," అన్నాడు ఆర్థర్. "మనవాళ్లకి నష్టం?"

"ఏజెంట్లలో ఎవరూ లేరు సార్."

"గుడ్. ఇక ఆ ఇన్‌స్పెక్టర్ వేషం తీసేసి వచ్చెయ్."

"ఇప్పుడే రాను సార్. ఏడేళ్లకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ని. రిపోర్టు రాయాలి."

"ఎవరి మీద?"

నగరేశ్వరరావు చేతులకి డ్రమ్ము మీది సుద్ద అంటి ఉంది.

"మొదటి పేరు ఇన్‌స్పెక్టర్‌దే సార్."