మూడు వేళ్ళ మడత

శనివారం కావడంతో ఒంటిపూట బడి. టైలర్ షాపులో కటింగ్ బల్ల కింద కూర్చుని, చీమ అని ఇంట్లో పిలిచే పిల్ల గుండీలు వేరుచేస్తోంది. రెండు కన్నాలవి ఒక డబ్బాలో, నాలుగు కన్నాలవి ఇంకో డబ్బాలో వేస్తోంది.

బల్ల పక్కన ఒక తల్లి, టైలర్ మాస్టారితో గట్టిగా వాదిస్తోంది. కొడుకు ప్యాంటు కింద ఇంకా ఎక్కువ గుడ్డ లోపలికి మడవాలట. పిల్లాడు ఎదుగుతున్నాడట. ఈ ఒక్క ప్యాంటు నాలుగేళ్ళు రావాలట. మాస్టారు అప్పటికే జానెడు మడిచి పిన్నులు పెట్టారు. పిల్లాడు రెండడుగులు వేశాడు. మందపాటి మడతలు కాళ్ళకు తగిలి బాతులా ఊగిపోయాడు.

"అంతా లోపలే దాచేస్తే వాడు వేసుకునేదేముంటుందమ్మా?" అన్నారు మాస్టారు.

చీమ కిసుక్కున నవ్వింది. కానీ మనసులో మాత్రం ఆ తల్లిదే న్యాయం అనుకుంది. దాచడమంటే చీమకు అంత ఇష్టం. బడి రిజిస్టరులో తనకు వేరే పేరుంది. అయినా కొత్త పెన్సిల్ చెక్కకుండా దాచి, చాక్లెట్ రంగు మారేదాకా దాచి, ఇంటిల్లిపాదికీ చీమ అయిపోయింది.

అందుకే అక్క తన డబ్బుల డబ్బా తాళం చీమకిచ్చింది.

అక్కకు ఇరవై రెండేళ్ళు. ఈ షాపులోనే నాలుగేళ్ళుగా కుడుతోంది. జీతంలో కొంత ఇంట్లో ఇచ్చి, మిగిలింది ఒక రేకు డబ్బాలో వేస్తుంది. ఓవర్‌లాక్ మెషిన్ కొనాలని అక్క ఆశ. గుడ్డ అంచుల్లో పోగులు ఊడకుండా కుట్టే మెషిన్ అది. అదొకటి ఉంటే ఇంట్లోనే సొంతంగా పని పెట్టుకోవచ్చు. తాళంచెవిని ఎలాస్టిక్ ముక్కకు కట్టి చీమ మెడలో వేసిన రోజున అక్క గట్టిగా చెప్పింది.

"నేను అడిగినా ఇవ్వకు. ఏడ్చినా ఇవ్వకు."

చీమ ఇవ్వలేదు. చెప్పులు తెగాయని అడిగితే ఇవ్వలేదు. తలనొప్పి మాత్ర కోసం అడిగితే, నీళ్ళు తాగి పడుకోమని సలహా ఇచ్చింది. అక్క ఆ తలనొప్పిలోనూ నవ్వేసింది.

అన్నయ్య సంగతి పూర్తిగా వేరు. వాడికి ఇరవై నాలుగేళ్ళు, ఈ షాపున్న వీధి చివర పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం. జీతం వచ్చిన రోజు వాడంత దొర ఇంకొకడుండడు. పోయిన నెల పాటలు వినే స్పీకరు కొన్నాడు. తర్వాత బస్సుకు డబ్బుల్లేక పది రోజులు పనికి నడిచివెళ్ళాడు, ఆ స్పీకర్ని భుజాన వేసుకుని, పాటలు వింటూ. ఒకడి చేతికి చిల్లు, ఒకతి చేతికి తాళం, నా కడుపున ఎలా పుట్టార్రా మీరిద్దరూ అని అమ్మ ఆశ్చర్యపోయేది.

ఆ అన్నయ్యే ఇప్పుడు స్నేహితులతో కలిసి వ్యాను మాట్లాడాడు. రేపు ఆదివారం అందరూ సముద్రానికి వెళ్ళి రావాలి. చీమకు సీటు తనే కొన్నాడు. ఆరు నెలలుగా సముద్రం, సముద్రం అని అది వాడి చెవిలో జోరీగలా పోరుతోంది మరి. అక్కను కూడా రమ్మన్నాడు. అక్క వారం నుంచీ ఊగిసలాడుతోంది. రేపు వెళితే మెషిన్‌కు డబ్బు తక్కువవుతుంది. నెలాఖరు దాటితే మెషిన్ ధర పెరుగుతుందని కొట్టువాడు ముందే చెప్పాడు.

వెళ్ళకపోతే, అప్పటికే వ్యానులో సీటు తీసుకున్న గుండీల అక్క ఒక్కతే వెళుతుంది.

గుండీల అక్కంటే షాపులో గుండీలు, హుక్కులు కుట్టే అమ్మాయి. అక్క పక్కనే కూర్చుంటుంది. ఇద్దరూ ఒకే దారపు కండె, ఒకే టీ గ్లాసు, ఒకే నవ్వు. గుండీల అక్కకు దూరంగా ఇంకో ఊళ్ళో మంచి పని దొరికింది. సోమవారం పొద్దున్నే బస్సెక్కేస్తుంది.

పిల్లాడి తల్లి వెళ్ళిపోయాక అక్క కుట్టడం ఆపి, చీమను దగ్గరికి పిలిచింది.

"అన్నయ్య దగ్గరికి వెళ్ళి, నేనూ వస్తున్నానని చెప్పు. నాలుగింటికల్లా డ్రైవరుకు పేర్లు ఇచ్చేయాలట. తలకొక సీటు, తర్వాత అడిగినా దొరకదు."

"మరి మెషిన్?" అంది చీమ.

"ఇంకో నెల ఆగుదాం. ధర పెరిగితే పెరిగింది."

చీమ షాపు మెట్లు దిగింది. వీధిలో నడుస్తుంటే మెడలో తాళంచెవి టక్కుటక్కున గుండీకి తగులుతోంది. నేను అడిగినా ఇవ్వకు, ఏడ్చినా ఇవ్వకు. అక్క ఇప్పుడు అడగబోతోంది. అంటే అక్క మనసు జారింది. అక్కను కాపాడాల్సింది ఎవరు? చీమే.

చెప్పుల కొట్టు దాటేసరికి చెప్పాలనుకుంది. బ్యాంకు దగ్గరికొచ్చేసరికి చెప్పకూడదనుకుంది. పార్సిల్ ఆఫీసు గుమ్మంలో నిలబడేసరికి ఏమనుకుందో తనకే తెలియదు.

అన్నయ్య తూకం బల్ల దగ్గర పెట్టెల మీద చీటీలు అంటిస్తున్నాడు. అక్క ఏమందని అడిగాడు.

"రానంది," అని చీమ నోటి నుంచి వచ్చేసింది.

వాడు భుజాలు ఎగరేశాడు. పిసినారి మహాతల్లి, ఇంతకంటే ఏమంటుందిలే అని నవ్వి, పక్కన తూకం వేస్తున్న స్నేహితుడిని పిలిచాడు. మిగిలిన ఆ ఒక్క సీటు అతనికి ఇచ్చేశాడు. అతను సంతోషంగా అప్పటికప్పుడే డబ్బు తీసి ఇచ్చాడు కూడా.

చీమ వెనక్కి వచ్చింది. చెప్పావా అని అక్క అడిగితే చెప్పానంది. అది అబద్ధం కాదు కదా, ఏదో ఒకటి చెప్పింది కదా అని తనకు తనే సర్ది చెప్పుకుంది. ఆ సర్ది చెప్పుకోవడం అయిదు నిమిషాలు కూడా నిలవలేదు.

ఎందుకంటే అక్క పాడుతోంది. మెషిన్ తొక్కుతూ ఏ పాటో గొంతులో కూనిరాగం తీస్తోంది. అక్క పాడగా చీమ ఎప్పుడూ వినలేదు. గుండీల అక్క సూది ఆపి మరీ నవ్వుతోంది. నీళ్ళలోకి మోకాళ్ళ దాకానా, మడమల దాకానా అని ఇద్దరూ తగువులాడుకుంటున్నారు.

"నాలుగేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం," అంది గుండీల అక్క. "తల ఎత్తి నీ మొహం సరిగ్గా చూసిందే లేదు. రేపు ఎదురుగా కూర్చుని చూస్తాను."

చీమ మళ్ళీ గుండీల ముందు కూర్చుంది. నాలుగు కన్నాల గుండీలు రెండు కన్నాల డబ్బాలో పడ్డాయి. ఒకసారి డబ్బా మొత్తం బోర్లా పడి, గుండీలు మెషిన్ల కిందికి దొర్లిపోయాయి. నీళ్ళు తాగింది. బయటికి వెళ్ళి వచ్చింది. మళ్ళీ నీళ్ళు తాగింది. కాలుగాలిన పిల్లిలా తిరగొద్దని మాస్టారు కసిరారు. గోడ మీద గడియారం నాలుగు దాటింది.

ఇంటికి వెళ్ళే దారిలో చీమ అక్క చెయ్యి పట్టుకోలేదు. అక్క అదేమీ గమనించలేదు. ఎండకు టోపీ ఎవరిని అడగాలా అని ఆలోచిస్తోంది.

ఇంట్లో దీపాలు వేయగానే అక్క చీమ నీలం గౌను తీసింది. అది చీమకున్న ఒకే ఒక్క మంచి గౌను. ఏడాదికి రెండుసార్లకు మించి చీమ దాన్ని బయటికి తీయనివ్వదు. రేపటి కోసం దాన్ని పొడుగు చేయాలి. అక్క కిటికీ పక్కన కూర్చుని, అంచు కుట్టు చిన్న కత్తెరతో విప్పసాగింది. మడత విడిపోగానే లోపల దాగిన గుడ్డ బయటపడింది. అది కొత్తదానిలా ముదురు నీలంగా ఉంది.

"చూశావా? పోయినేడు మూడు వేళ్ళ మడత వదిలి కుట్టాను. ఈ ఏడు ఒక వేలు విప్పుతున్నా. ఇంకా రెండున్నాయి, వచ్చే ఏడాదికీ పడుతుంది."

చీమ ఆ ముదురు గీత మీద వేలు పెట్టింది. "ఇవాళ ఆ పిల్లాడి ప్యాంటుకు మడిచినట్టు జానెడు వదలొచ్చుగా? ఇంకా చాలా ఏళ్ళు వచ్చేది."

"వచ్చేదే. కానీ అంత మడతతో పోయినేడు నువ్వు వేసుకోగలిగేదానివి కాదు," అంది అక్క దారం కొరుకుతూ. "సరే గానీ, తాళంచెవి ఇలా ఇవ్వు. సీటు డబ్బులు తీసి పెడతాను. అన్నయ్య వచ్చే వేళయింది."

చీమ మెడలో ఎలాస్టిక్ పట్టుకుంది. మెట్ల మీద స్పీకరు పాట ఇంకా వినబడలేదు. వినబడితే అన్నయ్య వచ్చినట్టే. వాడు వస్తే అంతా వాడే చెప్పేస్తాడు. వాడు చెప్పకముందే తను చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియక ఒక్క గుక్కలో చెప్పేసింది.

"నువ్వు రానన్నావని చెప్పాను. నీ సీటు తూకం అన్నయ్యకు ఇచ్చేశారు."

అక్క చేతిలో సూది ఆగింది. కోప్పడితే బాగుండేది. చీమ దానికి సిద్ధంగానే ఉంది. అక్క కిటికీలోంచి ఎదురింటి గోడను చూసింది. కళ్ళలో నీళ్ళు నిండాయి గానీ కింద పడనివ్వలేదు.

"నువ్వే ఇవ్వొద్దన్నావు కదా," అంది చీమ ఏడుస్తూ. "మెషిన్ కోసమే కదా."

"డబ్బా చూసుకోమన్నానే. నన్ను కూడా డబ్బాలో పెట్టి తాళం వేయమన్నానా?"

అంతే అంది. మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకోబోయింది. మూడుసార్లు ప్రయత్నించినా ఎక్కలేదు.

అప్పుడు మెట్ల మీద పాట వినబడింది. చీమ తలుపు తీసుకుని పరుగెత్తింది. అన్నయ్యను మధ్య మెట్టు మీదే ఆపి, జరిగింది జరిగినట్టు చెప్పింది. వాడు స్పీకరు ఆపాడు. వాడు స్పీకరు ఆపాడంటే విషయం పెద్దదేనని చీమకు అర్థమైంది.

వ్యానులో ఒక్క సీటు కూడా లేదన్నాడు. తూకం వాడు డబ్బు కట్టి, ఇంటికెళ్ళి సంచీ కూడా సర్దుకుని ఉంటాడన్నాడు. కాసేపు మెడ గోక్కున్నాడు. పోనీ నేను ఆగిపోతాలే అన్నాడు, అంత మనసు లేకపోయినా.

"తప్పు నాదైతే సీటు నువ్వెందుకివ్వాలి?" అంది చీమ. "నా సీటు అక్కకివ్వు."

"ఆరు నెలల నుంచి నా ప్రాణం తోడేస్తున్నావు, సముద్రం చూపించమని."

చీమకు ఆ మాటతో మళ్ళీ ఏడుపు పొంగుకొచ్చింది. నిజంగానే వెళ్ళాలని ఉంది. ఇసుక నింపుకోవడానికి ఖాళీ సీసా కూడా కడిగి పెట్టుకుంది. ముక్కు తుడుచుకుని, ఒక్కో మాటే కూడగట్టుకుని చెప్పింది.

"సముద్రం వచ్చే ఏడాదీ ఉంటుంది. నా గౌను కూడా పడుతుంది. గుండీల అక్క ఉండదు."

అన్నయ్య చీమ తల మీద చెయ్యి వేసి, అలాగే పైకి నడిపించుకొచ్చాడు.

అక్క మొదట ఒప్పుకోలేదు. చిన్నపిల్లను ఇంట్లో వదిలి తను షికారుకెళ్ళడమేమిటని వాదించింది. ఏడుస్తూ ఇచ్చినా అది మనసారా ఇచ్చిందే, తీసుకోమని అమ్మ తేల్చింది. చీమ తన మెడలోంచి తాళంచెవి తీసి అక్క ఒళ్ళో పెట్టింది. చీమ తనంతట తాను తాళం ఇవ్వడం అదే మొదటిసారి. సీటుకు సరిపడా తీసి అన్నయ్యకిచ్చి, అక్క డబ్బా మూసేసింది. మెషిన్ కల అందులోనే ఉంది, ఒక నెల దూరం జరిగిందంతే.

పొద్దున వ్యాను సందు మొదట్లో ఆగింది. అన్నయ్య స్పీకరు ఎత్తుకుని ముందెక్కాడు. గుండీల అక్క లోపలి నుంచి చెయ్యి చాపి అక్కను లాగింది. ఇద్దరూ నిజంగానే ఎదురెదురుగా కూర్చున్నారు. చీమ తన ఖాళీ సీసాను కిటికీలోంచి అక్కకు అందించింది. వ్యాను మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నిలబడింది.

ఇంట్లోకి వచ్చేసరికి తాళంచెవి బల్ల మీద ఉంది. చీమ దాన్ని మెడలో వేసుకోబోయి ఆగింది. స్టూలు వేసుకుని, డబ్బా ఉన్న అలమరా పక్కన మేకుకు తగిలించింది. దిగి, స్టూలు లేకుండా అందుతుందో లేదో చూసుకుంది. మునివేళ్ళ మీద నిలబడితే తనకు అందుతోంది. అక్కకైతే చెయ్యి చాపితే చాలు.

తర్వాత నీలం గౌను తీసి వేసుకుంది. కొత్తగా విప్పిన అంచు మోకాళ్ళ కింద ముదురుగా మెరిసింది.

అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఎక్కడికే, ఆ గౌను వేసుకుని?"

"పాలు తేవడానికి," అంది చీమ, గిన్నె తీసుకుని గుమ్మం దాటుతూ.