కడిగిందెవరు?

"తాళంచెవి ఇలా పడెయ్! తప్పు చేసినవాళ్ళు ఇకమీదట ఆ గది గడప తొక్కడానికి వీల్లేదు. ఇది నా మాట!"

మామగారి అరుపుకి స్టూడియో బయట వానకి తలదాచుకున్నవాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు. శరయు పైటచెంగుకి కట్టుకున్న డార్క్‌రూమ్ తాళంచెవిని పిడికిట్లో బిగించింది. కొల్హాపూర్‌లో హుప్రీకర్ స్టూడియో అంటే తెలియనివాళ్ళు లేరు. అలాంటి స్టూడియో బల్లమీద ఇప్పుడొక పెళ్ళి ఆల్బమ్ తెరిచి ఉంది... పెళ్ళికూతురి బుగ్గలమీద పసుపుపచ్చ మరకలు! పెళ్ళికొడుకు తలపాగా తుప్పు పట్టినట్టుంది! చలికాలంలో తళతళలాడిన బొమ్మలు ఆషాఢం వచ్చేసరికి ఇలా తయారయ్యాయి!

ఆల్బమ్ తెచ్చిన అక్కాసాహెబ్ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే మాట్లాడుతోంది.

"నా కూతురు అత్తారింట్లో ఇది తెరిస్తే ఆడబిడ్డలు ఏమన్నారో తెలుసా దాదా? 'మీ పుట్టింటివాళ్ళు ఫోటోలకి కూడా పసుపు రాశారా వహినీ' అని పడీపడీ నవ్వారట! పిల్ల అన్నం మానేసి ఏడ్చింది."

"తల దించుకుంటున్నాను అక్కాసాహెబ్! అంతా ఈ మహాతల్లి చలవ." మామగారు కోడలివైపు వేలు చూపించాడు. "నలుపు నలుపులా, తెలుపు తెలుపులా ఉండాలి. మధ్యలో బూడిదరంగుల్లో ఒక్క మెట్టు తప్పకూడదు. జీవితమంతా నేను నమ్మింది అదీ! ఈవిడకేమో కళ కావాలి... స్వేచ్ఛ కావాలి! ధ్యాస అక్కడుంటే చేతిలో పని ఇలాగే తగలడుతుంది!"

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో డార్క్‌రూమ్ ఎర్రదీపం వెలుగులో నిలబడి శరయుకి పని నేర్పింది ఈ మామగారే! మందుల వేడి వేలికొసతో చెప్పడం, కాగితం మీద బొమ్మ తేలుతుంటే ఊపిరి బిగబట్టి చూడటం... అన్నీ ఆయన పెట్టిన భిక్షే. ఆ ఋణం ఆమె మరిచిపోలేదు. కానీ స్టూడియో పని ముగిశాక తన కోసం తాను వేసుకునే ఆ నాలుగు బొమ్మలూ ఆమె ప్రాణం! కాగితం మీద పడే వెలుగుని అరచేతులతో అడ్డుకుని, కావాలని ఒకచోట చీకటి నింపి, ఒకచోట వెన్నెలంత వెలుగు వదిలేది. పొయ్యి ముందు కూర్చున్న అత్తగారి బొమ్మ అలాగే వేసింది. సగం ముఖం చీకట్లో, సగం మంట వెలుగులో... దాన్ని చూసి మామగారు "నా పెళ్ళాం ముఖానికి మసి పూశావు" అని మూలకి విసిరేశాడు. ఆ గది పోతే ఆమెకి మిగిలేది వంటిల్లే!

భర్త మధుకర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇచ్చెయ్యి శరయూ... బాబా కోపం నీకు తెలీనిదా? నాలుగు రోజులు పోతే ఆయనే పిలుస్తారు."

"తప్పు నాదైతే మీరు అడక్కముందే ఇచ్చేదాన్ని. నాది కాదు. ఇవ్వను!"

ఆ ఇంట్లో "ఇవ్వను" అన్న మాట ఒక ఆడదాని నోట రావడం అదే మొదలు!

"సాక్ష్యం ఉందా?" మామగారు వెటకారంగా నవ్వాడు.

"ఉంది మామంజీ. మీరు నేర్పిందే."

శరయు వంటింట్లోంచి రెండు గాజుగ్లాసులూ, రెండు గిన్నెలూ, తాగే నీళ్ళలో వేసే పొటాషియం పర్మాంగనేటు పొట్లమూ తెచ్చింది. గ్లాసుల్లో నీళ్ళు పోసి ఒక్కో పలుకు వేసింది. నీళ్ళు గులాబీరంగుకి తిరిగాయి. ఆల్బమ్‌లోంచి ఒక బొమ్మ ఊడదీసి ఒక గిన్నె నీళ్ళలో నానేసింది. ఆ ఆల్బమ్ బొమ్మలు వేసిన రోజునే తాను వేసుకున్న అత్తగారి బొమ్మని రెండో గిన్నెలో నానేసింది.

"ఏంటమ్మా ఈ గారడీ?" అంది అక్కాసాహెబ్.

"బొమ్మ చెదిరిపోకుండా హైపో అనే మందులో ముంచుతాం అక్కాసాహెబ్. తర్వాత ఆ మందంతా పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి కడగాలి. కాగితంలో మిగిలిపోతే లోపల్నుంచి బొమ్మని తినేస్తుంది. హైపో తగిలితే ఈ రంగు విరిగిపోతుంది. చూడండి!"

నానిన నీళ్ళు గ్లాసుల్లోకి వంచింది. ఆల్బమ్ బొమ్మ గ్లాసులో గులాబీరంగు చూస్తుండగానే వెలవెలబోయింది! రెండో గ్లాసు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఆ రెండు బొమ్మలకీ అదే హైపో, అవే చేతులు. మసి పూశానని మీరన్న బొమ్మ శుభ్రంగా ఉంది మామంజీ... ఎందుకంటే దాన్ని కడుక్కున్నది నేను! పని రాక కాదు నేను చీకటి నింపింది. వచ్చు కాబట్టే నింపాను! ఆల్బమ్ బొమ్మలు వేసేంతవరకే నా పని. కడగడం మీరు ఎవ్వర్నీ ముట్టుకోనివ్వరు."

మామగారి ముఖం మాడిపోయింది. ఒక్క క్షణమే!

"ఆ రోజు నాకు నడుంనొప్పి. కడగమని నీకే అప్పజెప్పాను. మరిచిపోయావా?"

శరయు నిర్ఘాంతపోయింది. పచ్చి అబద్ధం! ఆ సాయంత్రం తాను తలుపు బిగించుకుని లోపల తన సొంత బొమ్మలు వేసుకుంటూనే ఉంది. బయటికి వచ్చేసరికి ఆల్బమ్ బొమ్మలన్నీ తీగమీద ఆరుతున్నాయి. మామంజీ చేతిపని కదా అని నమ్మింది... మధుకర్ ఆ వేళ ఊళ్ళోనే లేడు. చూసినవాళ్ళెవరు? చెప్పేవాళ్ళెవరు? కళ్ళలో నీళ్ళు తిరిగినా కొంగున ఉన్న తాళంచెవిని మళ్ళీ పిడికిట్లో బిగించింది.

"కోడలి మాటా, నా మాటా? మీరే చెప్పండి అక్కాసాహెబ్!" అన్నాడు మామగారు.

గుమ్మం దగ్గర చహా కప్పుల పళ్ళెం ఠకాలున కింద పెట్టిన చప్పుడైంది.

"నేను చూశాను."

అత్తగారు! స్టూడియోలో నలుగురి ముందు ఆవిడ గొంతు విన్నవాళ్ళు లేరు.

"ఆ సాయంత్రం బొమ్మలు కడిగే తొట్టి పక్కనే కూర్చుని పప్పు ఏరుతున్నాను. అప్పుడే మొదటి నీళ్ళు పట్టారు. కుస్తీ పోటీలకి తీసుకెళ్ళే టాంగా వచ్చి గుమ్మంలో నిలబడింది. గబగబా బొమ్మలన్నీ తీసి తీగకి వేసేశారు. 'ఇంకో నాలుగు నీళ్ళు మార్చాలట కదా, నేను మారుస్తానుండండి' అన్నాను. 'పప్పు ఏరుకునేదానివి, నాకు నేర్పుతావా?' అన్నారు."

"నోరు ముయ్! లోపలికి నడు!"

"లోపలే ఉన్నానుగా ఇన్నేళ్ళూ!" ఆవిడ కాళ్ళు కదల్లేదు. "ఆ బొమ్మలో నా ముఖం సగమే కనబడుతోందని అరిచారు. ఇన్నేళ్ళలో ఆ సగమైనా ఎవరు చూశారు, ఈ పిల్ల తప్ప? దాని గది లాక్కుంటుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

శరయు దుఃఖం ఆగలేదు. "ఆత్యాబాయీ..." అంటూ వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుంది.

"కడిగిందెవరు వహినీ? పేరుపెట్టి తేల్చి చెప్పండి," అంది అక్కాసాహెబ్.

మామగారు భార్యవైపు నిప్పులు కురిసేలా చూశాడు. అందులో ఒక ధీమా కూడా ఉంది. ఏ ఇల్లాలు మొగుడి పేరు నోటితో అంటుంది? పసుపుకుంకుమల పేరంటాల్లో కూడా మల్లెపూలనీ, చందమామనీ కలిపి కట్టిన పాట పాదాల మధ్య ఆ పేరు దాచి, సిగ్గుపడుతూ గొణిగేదే ఆవిడ కూడా!

అత్తగారు కొంగు నడుంలో దోపుకుంది. పూలు లేవు, చందమామ లేడు, సిగ్గు అసలే లేదు. వీధిలో వానకి నిలబడ్డవాళ్ళకి కూడా వినబడేలా అంది:

"బళవంత్! బళవంత్ హుప్రీకర్!"