ఎర్ర బల్బు వెలుగులో జెస్సీ

"ఈ ఫొటోలో అమ్మాయి ఎవరండీ?"

రాజోలు జ్ఞానప్రకాశం స్టూడియో గుమ్మంలో గొడుగు దులుపుతూ అడిగింది జెస్సీ. కౌంటర్ మీద ఒక ఫొటో టప్పున పెట్టింది.

బెంజమిన్ ఫొటో చూశాడు. ఆమెను చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు.

"మీ చెల్లెలాండీ?"

"నేనేనండీ! పోయిన నెల మీరే తీసేరు!"

పాపం, కుర్రాడు మంచివాడే. తాతగారు జ్ఞానప్రకాశం పోయాక స్టూడియో అతనే నడుపుతున్నాడు. వచ్చిన ప్రతి మొహానికీ కంప్యూటర్లో సున్నం కొట్టడం అలవాటైపోయింది, అంతే. జెస్సీది నిగనిగలాడే చామనఛాయ. ఫొటోలో ఉన్న పిల్ల మాత్రం పాలకోవా బిళ్ళలా ఉంది.

"ఇది చూసి కాకినాడ నుంచి పెళ్ళివారొచ్చేరు. ఫొటో చూసేరు, నన్ను చూసేరు, టీ తాగేసి వెళ్ళిపోయేరు. ఆ పూట మా అమ్మ అన్నం ముట్టలేదండి."

బెంజమిన్‌కి తల కొట్టేసినట్టయింది. "సారీ అండి. ఎడిటింగ్ లేకుండా ఇంకోటి తీస్తాను."

"మిమ్మల్ని నమ్మమంటారా?"

అప్పుడే ఆమె కన్ను బీరువాలో అట్టపెట్టె మీద పడింది. అది తాతగారి కాలం నాటి బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము. గడువు తీరి ఏళ్ళయింది. తీరిక దొరికితే బెంజమిన్ దాన్ని తాతగారి చెక్క కెమెరాలో పెట్టి, కాలవ గట్టునీ పడవల్నీ తీసి, సరదాకి కడుగుతుంటాడు.

"దీంతో తీయండి. దీనికి ఎడిటింగ్ రాదుగా!"

"ఇది మొహాలకి కాదండీ. దీంతో శుభలేఖల్లో అక్షరాలు ప్రెస్సుకి కాపీ తీసేవారు. నలుపూ తెలుపూ తప్ప మధ్య రంగులు దీనికి తెలీవు. ఎరుపైతే అసలు కనపడదు."

"అయినా సరే, తీయండి."

"ఆయ్" అన్నాడు బెంజమిన్. ఆ పిల్లకి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది చెప్పండి?

ఆ ఫిల్ముకి వెలుగు చాలాసేపు కావాలి. అంతసేపూ కదలకూడదు, మాట్లాడకూడదు. జెస్సీకి అది ఉరిశిక్షతో సమానం. అయినా బిగబట్టుకుని కూర్చుంది. తీరా కడిగి, కాగితం మీద అచ్చు తీస్తే రెండు కళ్ళూ తెల్ల చున్నీ కనపడ్డాయి. మిగతాదంతా బొగ్గు.

జెస్సీ నవ్వబోయింది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అందులో సున్నం కొట్టేరు, ఇందులో మసి పూసేరు. మధ్యలో నేనెక్కడున్నానండీ?"

బెంజమిన్ ఆ అచ్చు బోర్లా పెట్టేశాడు. "మీరు మీలా వచ్చేదాకా తీస్తానండి. ఒట్టు."

జెస్సీ కళ్ళు తుడుచుకుంది. ఆమె జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. కడిగే మందు సీసా మూత తీసి వాసన చూసింది.

"ఇంత ఘాటుగా కలిపితే ఎలాగండీ? బాగా పల్చన చేయండి. నెమ్మదిగా పనిచేస్తే ఆ మధ్య రంగులకీ కాస్త చోటు దొరుకుతుంది."

"ఆయ్."

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి అవగానే జెస్సీ స్టూడియోకి వచ్చేది. చీకటిగదికి మందపాటి తెరలు. ఫిల్ముకి ఎరుపు కనపడదు కాబట్టి లోపల ఎర్ర బల్బు వెలిగించుకోవచ్చు. తెర బయట కుర్చీ వేసుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, బెంజమిన్ తల్లి పాపాయమ్మ కాపలా.

లోపల నిశ్శబ్దమైతే చాలు, ఆవిడ కేకేసేది. "ఏవర్రా, మాటలు వినపడట్లేదు!"

"మందు కలుపుతున్నామండీ అత్తయ్యగారూ!" అని జెస్సీ అరిచేది.

ఒకసారి ఫొటో మంచు పట్టినట్టు వచ్చింది. ఒకసారి మధ్యలో జెస్సీ ఫక్కున నవ్వేసి రెండు ముక్కులతో వచ్చింది.

"అన్నిటికీ ఆయ్ అంటారేంటండీ? గోదాట్లో దూకమన్నా ఆయేనా?"

"ఆయ్. ఈతొచ్చండి."

ఒక ఆదివారం, వాన పడుతుండగా, జెస్సీ తలొంచుకుని చెప్పింది. "అమలాపురం సంబంధం వాళ్ళు ఫొటో అడుగుతున్నారంట. అమ్మ తొందర పెడుతోంది."

బెంజమిన్ "ఆయ్" అన్నాడు గానీ, ఆమె వంక చూడకుండా కెమెరా తుడవసాగాడు.

ఆ రోజు వసారాలో, మబ్బు వెలుగులో తీశాడు. జెస్సీ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. అతనొక్కడే మందు కొలుస్తూ నిలబడ్డాడు. ఫొటో బాగా వస్తే అమలాపురం వెళ్ళిపోతుంది. పాడైతే వచ్చే ఆదివారం కూడా జెస్సీ వస్తుంది. కాస్త మందు ఎక్కువ పోస్తే చాలు. ఎవరికి తెలుస్తుంది?

'మధ్యలో నేనెక్కడున్నానండీ' అన్న మాట గుర్తొచ్చింది. సీసా మూత బిగించేసి నీళ్ళు పోశాడు.

ఫిల్ము ఆరాక, ఎర్ర బల్బు కింద ఇద్దరూ పళ్ళెం మీదకి వంగారు. మందులో కాగితం అటూ ఇటూ ఊగుతోంది. ముందు జుట్టు వచ్చింది. తర్వాత కళ్ళు. ఆ తర్వాత, నెమ్మదిగా, బుగ్గ నునుపు, గడ్డం మీద పుట్టుమచ్చ, ముక్కు పక్కన చిన్న మెరుపు. సున్నం లేదు, మసి లేదు.

"ఇది నేనేనండీ" అంది జెస్సీ.

"చాలా బాగుందండి. నాకు చాలా... ఇష్టమండి."

"ఏంటి, ఫొటోనా?"

"ఏవర్రా, మాటలు వినపడట్లేదు!"

"ఆయ్, ఫొటోనే" అనేశాడు బెంజమిన్. పిరికి సన్నాసి!

తర్వాతి ఆదివారం జెస్సీ రాలేదు. ఎందుకొస్తుంది, పనైపోయిందిగా. బెంజమిన్ బల్బు వెలిగించలేదు, అన్నానికీ లేవలేదు.

పాపాయమ్మ ఒక కవరు తెచ్చి ఒళ్ళో పడేసింది. "నీకు సంబంధం వచ్చిందిరా. పిల్ల తల్లి చర్చి దగ్గర ఇచ్చింది."

"నాకొద్దమ్మా."

"చూసి చెప్పు."

విప్పాడు. తను తీసిన ఫొటోయే.

"ఈ ఫొటోలో అమ్మాయి ఎవరండీ?"

గుమ్మంలో జెస్సీ, తడిసిన గొడుగుతో.

"మరి... అమలాపురం?" బెంజమిన్ లేచి నిలబడ్డాడు.

"ఫొటో చూసి మా అమ్మ ఏడ్చేసిందండీ. 'ఇది తీసినవాడికి నువ్వెలా ఉంటావో తెలుసే, ఇంకెవరికో పంపడం ఎందుకు?' అంది. సరే గానీ, ఆ రోజు ఇష్టమన్నది ఫొటోనే కదా?"

పాపాయమ్మ కొడుకు వంక చూసింది. వీడు ఇప్పుడు కూడా ఆయ్ అంటే చీపురు తిరగేసేలా ఉంది.

"కాదండీ" అన్నాడు బెంజమిన్. "మీరేనండీ. మొదట్నుంచీ మీరే."

జెస్సీ తల వంచుకుని గొడుగు మూసింది. "అయితే సాయంత్రం పెళ్ళిచూపులకి వస్తున్నారా?"

"ఆయ్!" అంది పాపాయమ్మ, కొడుక్కి అవకాశం ఇవ్వకుండా.