నాలుగు ముడుల దారం

వెంకటరత్నమ్మకి టేపు చదవటం రాదు. మనిషిని నిలబెట్టి తెల్ల నూలు దారం పట్టిద్ది. మెడ దగ్గర ఒక ముడి, భుజానికొకటి, మణికట్టుకొకటి, చీలమండకొకటి. నాలుగు ముడులేసి, తుంచి, గోడ మేకుకి తగిలించిద్ది. ఎవరి దారం ఎవరిదో ఆమెకే తెలుసు.

మంగళగిరిలో ఇంట్లో మగ్గం మీద నేసిన బట్టతోనే చర్చి ఫాదర్లకి పూజ అంగీలు కుట్టిద్ది. ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సు కాలానికి ఊదా, ఈస్టరుకి తెలుపు, ఆ తర్వాతొచ్చే పెంతెకోస్తు పండక్కి ఎరుపు, మామూలు ఆదివారాలకి ఆకుపచ్చ. ఆ రంగుల సంగతంతా నేర్పింది లాజరు ఫాదరే. ముప్ఫై ఏళ్లుగా అక్కా అని పిలిచేవాడు. "ముగ్గేసినట్టు శిలువ కుడతావేంటక్కా? నా దేవుడిక్కూడా చుక్కలు లెక్కేస్తావా?" అని ఏడిపించేవాడు.

మొన్న తపస్సు కాలంలో ఆయన మంచం పట్టాడు. చూట్టానికెళ్తే చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు నీ చేతి తెలుపు వెయ్యి. పాదాలు కప్పాలి సుమా. ఈ పగుళ్లు చూసి జనం నవ్వుతారు."

కుట్టింది. పాదాల దాకా. ఈలోగా కంకిపాడు వైపు నుంచి ఇంకో ఫాదరు, ఈస్టరు నెత్తిమీదకొచ్చిందమ్మా అంటూ వచ్చాడు. లాజరు ఇంకో నెలన్నా ఉంటాడులే, మళ్లీ కుట్టొచ్చులే అనుకుని అది కాస్తా తీసిచ్చేసింది.

మూడోరోజే పోయాడు లాజరు.

ఎవరిదో పాత ఊదా అంగీ తెచ్చి తొడిగారు. మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఆ పగుళ్ల పాదాలు అందరూ చూశారు. "తెలుపేదమ్మా?" అని చర్చి సిస్టరు గారు అడిగితే, "పూర్తి కాలేదండీ" అంది. అట్టా అనేసి వెళ్లి, ఆ పాదాలకే దణ్ణం పెట్టింది. చేతికి చల్లగా తగిలినయ్యి.

ఈస్టరు వెళ్లాక కొత్త ఫాదరు జోయెల్ గారు ఎరుపు అంగీకి కొలతివ్వటానికొచ్చారు. దారంతో కొలిపించుకుంటానే అడిగారు. "లాజరు ఫాదర్ గారి తెలుపు సగంలో ఉందన్నారంటగా? ఇవ్వండమ్మా, సమాధి మీద కప్పి ప్రార్థన చేస్తాం."

నిజం నాలిక చివరిదాకా వచ్చింది.

"ఎలకలు కొట్టేసినయ్యండీ" అంది.

రెండుసార్లు దారం పెట్టి చూసుకునే ఎరుపు కత్తిరించింది. తీరా జోయెల్ గారు తొడుక్కుంటే మోకాళ్ల దగ్గరే ఆగింది. ఆయన నవ్వేశారు. "నన్ను వరి నాట్లకి పంపిద్దామనా అమ్మా?"

ఆమెకి నవ్వు రాలేదు. పెట్టెలో లాజరుకి ఆగినచోటే ఆగింది మరి.

ఆ మధ్యాహ్నం వడగాడ్పు. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. కోడలు మల్లీశ్వరి దొడ్లో నూలు ఆరేస్తోంది. రత్నమ్మ చాప మీద పక్కకి తిరిగి పడుకుంది. ఎక్కడినుంచో కొవ్వొత్తి ఆర్పిన వాసన. దాని వెనకే తడిమట్టి వాసన...

మెడ మీద ఒక వేలు. చల్లగా.

మల్లీశ్వరేమో అనుకుంది. కళ్లు తెరవలేదు. వేలు భుజం మీదకొచ్చింది. ఆగింది. మణికట్టుకొచ్చింది. ఆగింది. చీర కుచ్చిళ్లు కొంచెం పక్కకి జరిగినయ్యి. చీలమండ మీద...

"అక్కా..."

దిగ్గున లేచి కూర్చుంది. గదిలో ఎవరూ లేరు. మేకుకి కొత్త దారం వేలాడుతోంది. తడిగా ఉంది. మట్టి అంటుకునుంది. తీసి మెడ దగ్గర పెట్టుకుంది. భుజం... మణికట్టు... ముడులు ఎక్కడివక్కడ సరిపోయినయ్యి. నాలుగోది సరిగ్గా చీలమండ మీద.

మల్లీశ్వరి గుమ్మంలోకొచ్చింది. "ఎవరి కొలతత్తయ్యా అది? మొహం అట్టా పాలిపోయిందేంటి?"

ఇప్పుడన్నా చెప్పెయ్యాలి. అంతా చెప్పెయ్యాలి. రత్నమ్మ నోరు తెరిచింది.

"ఎవరో... కొత్త ఫాదరు గారిదిలే."

చేతిలో దారం మెల్లగా కదిలింది. వంగి చూసుకుంది.

నాలుగో ముడి మోకాలి దగ్గరుంది.