కాకి లేని తెల్లనేల

పొద్దున ఆరింటికి కొండాపూర్‌లో, అపార్ట్‌మెంట్ కింద మహేశ్ కారు డిక్కీ సర్దుతున్నాడు. కాఫీ మిషను, మడతకుర్చీలు, గాలి దిండ్లు, డ్రోను. ఉప్పు ఎడారిని చూసి రావడానికి ఇవన్నీ కావాలి. తండ్రి రాజయ్య చేతులు వెనక్కి కట్టుకుని, చెత్తబండిని చూసినట్టు చూస్తున్నాడు.

"శుక్రవారం మీ అమ్మ ఏడాది. యాదికుందా?"

మహేశ్ తలెత్తాడు. "అమ్మ పోయింది ఫిబ్రవరి అయిదున కద నాయినా. అంతల వచ్చేస్తం."

"తారీఖుకు పెడతరారా ఎవరన్న? తిథికి పెడతరు. గింత సదివినవ్, గదన్న తెల్వదా?"

కోడలు సరిత ఫోన్‌లో పంచాంగం చూసింది. ముసలాయన చెప్పిందే నిజం. కానీ మహేశ్‌కు సెలవు మళ్లీ దొరకదు. "అక్కడనే పెడదాం నాయినా. కాకులు లేని జాగ ఉంటదా?" అన్నాడు.

కొడుకు పెట్టిన అన్నాన్ని కాకి ముడితేనే తన భార్య రుక్కమ్మకు అందినట్టు. కొడుకు లేకుండా ఇంట్లో ఉండి చేసేదేముంది? రాజయ్య పక్కకు తుపుక్కున ఉమ్మి కారెక్కాడు.

రెండు రోజుల ప్రయాణం. కొడుకు, కోడలు ఆగిన ప్రతిచోటా ఫొటోలు దిగారు. ఎండకు నల్లద్దాలు, నీడకు నల్లద్దాలు.

శుక్రవారం పొద్దున బసలో రాజయ్య సరితకు ఒక్కమాట చెప్పాడు. "తునకల కూర వండు. మీ అత్తమ్మకు అదంటే పానం."

సరిత భర్త మొహం చూసింది. మహేశ్ నలభై కిలోమీటర్లు పోయి మటన్ తెచ్చాడు.

మధ్యాహ్నానికి ఎడారి నడుమకు చేరారు. ఎటు చూసినా తెల్లటి ఉప్పు. చెట్టు లేదు, పిట్ట లేదు. మహేశ్ విస్తరి పరిచి, అన్నం, కూర పెట్టి దండం పెట్టాడు. ముగ్గురూ దూరం జరిగి నిలబడ్డారు. గంట గడిచింది. కూర మీద కొవ్వు పేరుకుంది.

"కాకి గాదు, ఈగ గూడ లేదు! తల్లికి బుక్కెడు పెట్టనీకి మంచి జాగ దొరికింది నీకు. నువ్వొక కొడుకువు, నీదొక ఉద్యోగం! నీకంటే మన పక్క కొత్తగూడల కూలికి పోయేటోడు నయం. ఆడు తల్లి తిథి మర్వడు."

మహేశ్ తల దించుకున్నాడు. మామకు ఎన్నడూ ఎదురు చెప్పని సరిత నోరు తెరిచింది.

"మామయ్యా, అత్తమ్మ మటన్ తినదు."

"ఏంది? నలభై ఏండ్లు వండింది!"

"వండింది. తినలే. ఆ వాసనే పడదు ఆమెకు."

"నాతోని ఎన్నడు చెప్పలే."

"నువ్వు అడిగినవా?" మహేశ్ తలెత్తాడు. "తిథి నేను తప్పిన. ఒప్పుకుంట. గని అమ్మ తింటుంటే నువ్వు ఎన్నడన్న చూసినవా నాయినా? ఒక్కసారి?"

రాజయ్య దీటుగా బదులిద్దామనుకున్నాడు. జ్ఞాపకాల్లో వెతికాడు. రుక్కమ్మ వడ్డించడం గుర్తుంది. నీళ్లు అందించడం గుర్తుంది. ఎంగిలి కంచం తీసుకుపోయే ఆమె వీపు గుర్తుంది. ముద్ద నోట్లో పెట్టుకుంటున్న రుక్కమ్మ ఒక్కసారి కూడా కనిపించలేదు. ఆమె తినే వేళకు ఆయన చెయ్యి కడిగి బయటికి పోయేవాడు.

విస్తరి వైపు చూసి అడిగాడు. "ఏం తింటుండె?"

"పెరుగన్నం. అండ్ల మామిడికాయ తొక్కు" అంది సరిత.

"ఉన్నయా?"

సరిత కారులోంచి గిన్నెలు తెచ్చింది. రాజయ్య కూర విస్తరి పక్కకు జరిపి, కొత్తది పరిచాడు. తన చేత్తో పెరుగు పోసి కలిపాడు. చేతకాలేదు. మెతుకులు చుట్టూ పడ్డాయి. తొక్కు అంచున పెట్టాడు.

"కాకి రాదు కద నాయినా" అన్నాడు మహేశ్ మెల్లగా.

"రాకపోతే రాకపాయె."

రాజయ్య విస్తరి ముందు ఉప్పు మీదే చతికిలబడ్డాడు. కళ్లు తుడుచుకోలేదు.

"మీరు పోయి కార్ల కూసోండ్రి. ఇయ్యాల ఆమె తినేదాక నేను లేవ."

మహేశ్ పోలేదు. వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు.