ఎండలో స్వెట్టర్

గొంతు మీద మంగలికత్తి ఆనించి పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. “కదలకు. సోమవారం మన టీకాని చంపబోతున్నారు.”

నలభై ఒకటి కదల్లేదు. అది అతని వయసు కాదు, డిపార్ట్‌మెంట్ ఇచ్చిన నంబరు. పెద్దాయన దేశంలోకెల్లా గొప్ప గూఢచారి అధిపతి, దేశంలోకెల్లా చెత్త మంగలి. ఆ సెలూన్‌లో బ్రీఫింగ్‌కి కూర్చున్న ఏజెంట్ ఎవడూ గడ్డానికి దూది అంటించుకోకుండా బయటికి రాలేదు.

“ఎవరు సార్?”

“నీలి గొడుగు. ముప్పై ఏళ్లుగా మనకి డిఫ్తీరియా టీకా అంటగడుతున్న విదేశీ ముఠా. సూట్లేసుకుని వస్తారు, మీ మంచికే చెబుతున్నామంటారు. ఇప్పుడు మన ఫ్యాక్టరీ సొంతంగా తయారుచేసింది. సోమవారం పదింటికి మొదటి క్యాంప్. అన్ని సెంటర్లూ కలిపి నలభై వేలమంది పసిపిల్లలు. ఈ టీకా పనిచెయ్యలేదనుకో, కొన్నాళ్లకి ఆ పిల్లలకి ఊపిరాడదు. అప్పుడు మనవాళ్లే కాళ్లబేరానికెళ్లి ఇంకో ముప్పై ఏళ్లకి సంతకం పెట్టొస్తారు.”

“ఎలా చెడగొడతారు?”

“వేడితో. ఇంకెలా? కరెంటు తీస్తారు, జనరేటర్ పేలుస్తారు. నువ్వు నీ గోదాము జనరేటర్ దగ్గర్నించి కదలొద్దు.” కత్తి జారింది. “అరెరె. అదిగో, దూది అక్కడుంది.”

నలభై ఒకటి రెండేళ్లుగా ఒక ఆసుపత్రి టీకాల గోదాములో స్టోర్‌కీపర్ వేషంలో ఉన్నాడు. ఎంత గట్టి మారువేషమంటే, అక్కడ అతన్ని రెండోసారి చూసినవాడు లేడు. నిజం చెప్పాలంటే మొదటిసారి చూసినవాడూ లేడు. జేబులో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను ఉండేది. నొక్కితే మత్తుసూది దూసుకుపోవాలి. అయిదేళ్లుగా నొక్కుతున్నా సూది రాలేదు. సిరా మాత్రం ధారగా వచ్చేది. అద్దెగదిలో అతను ఫ్రిజ్‌తో మాట్లాడేవాడు. అది గుర్రుమని బదులిచ్చేది. సాయంత్రాలు అలా గడిచేవి.

ఆ గది తలుపు నెలకొక్కసారి చప్పుడయ్యేది. మొదటి శనివారం, మూడు గంటలకి, కుటుంబ ఆరోగ్య సర్వే పేరుతో డిపార్ట్‌మెంట్ మనిషి వచ్చేది. సర్వే మేడమ్ మెట్లెక్కితే సెంటు వాసన ఆమెకంటే ముందు మూడో అంతస్తుకు చేరేది. ఆమె నడుస్తుంటే సైకిళ్లు వాటంతటవే స్తంభాలకు గుద్దుకునేవని చెప్పుకుంటారు. నేను చూడలేదు, స్తంభాలు మాత్రం వంగి ఉన్నాయి.

“ఇంట్లో ఎంతమంది ఉంటారు?”

“ఒక్కణ్ణే.”

“గత రెండు వారాల్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా?”

“జ్వరం లేదు. కాస్త దగ్గు.”

అవి కోడ్ మాటలు. ఒంటరిగా ఉన్నాను, అనుమానం తగిలింది అని అర్థం. ఆ సంగతి అతనికి తెలుసు. అయినా జ్వరం వచ్చిందా అని ఒక మనిషి నోటివెంట వినడానికి నెలంతా కాచుకుని ఉండేవాడు. ఆమె కోసమే రెండో కప్పు కొన్నాడు.

క్యాంప్‌కి రెండు రోజుల ముందు శనివారం మాత్రం కోడ్ అయ్యాక కూడా ఆమె లేవలేదు. చిన్నప్పుడు ఏ పాట పాడేవారని అడిగింది. అమ్మగారు ఎలా పిలిచేవారని అడిగింది. కాగితంలో లేని ప్రశ్నలవి. నలభై ఒకటి ఉబ్బితబ్బిబ్బై, ఇంకో కప్పు టీ పెడతానని స్టవ్ దగ్గరికి వెళ్లాడు. గోదాము తాళంచెవి గోడ మేకుకి వేలాడుతూనే ఉంది.

ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా గోదాము వెనకాల జనరేటర్‌ని కౌగలించుకున్నంత పని చేశాడు. దోమ వాలితే దాన్ని కూడా ప్రశ్నించాడు. ఏమీ జరగలేదు.

సోమవారం ఉదయం చల్లగది తలుపు తీశాడు. థర్మామీటర్ నాలుగు డిగ్రీలు చూపిస్తోంది, సరిగ్గా ఉండాల్సినంత. ప్రతి సీసా మీదా చిన్న గుర్తు ఉంటుంది, వేడి తగిలితే నల్లబడుతుంది. ఒక్కటీ నల్లబడలేదు. పెట్టెలు ఆసుపత్రి ముందు క్యాంప్‌కీ, మిగతా సెంటర్లకీ వెళ్లాయి.

తొమ్మిదిన్నర. ఆసుపత్రి ముందు తల్లులు బారులు తీరారు. ఎండ ఫెళ్లున కాస్తోంది. ఆ వరసల పక్కన సర్వే మేడమ్ నిలబడి ఉంది. చేతిమీద ఉన్ని స్వెట్టర్.

నలభై ఒకటి ఆ స్వెట్టర్ వంకే చూశాడు. ఈ ఎండలో ఎవరికి కావాలది? చల్లగదిలో చాలాసేపు పనున్నవాళ్లకి కావాలి.

అప్పుడు తట్టింది. వేడి, వేడి అని అందరూ జనరేటర్‌కి కాపలా కాశారు. సీసా మీది గుర్తు కూడా వేడినే పట్టుకుంటుంది. కానీ ఈ టీకా గడ్డకట్టినా చస్తుంది. గడ్డకట్టి కరిగిందని ఏ గుర్తూ చెప్పదు.

ఆఫీసుగదిలోకి పరుగెత్తాడు. ఫ్యాక్టరీ ముందుగా పంపిన నమూనా సీసా అక్కడి చిన్న ఫ్రిజ్‌లో ఉంది. క్యాంప్ పెట్టెలోంచి అదే బ్యాచ్ సీసా ఇంకొకటి తెచ్చాడు. రెంటినీ ఒకేసారి బాగా కుదిపి బల్లమీద పెట్టాడు. రెండూ పాలల్లే తెల్లగా ఉన్నాయి.

వెనక గడియ పడింది. సెంటు వాసన వచ్చింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్తోలు కూడా వచ్చింది.

“ఏం చేస్తున్నారు?”

“చూస్తున్నాను. గడ్డకట్టిందైతే తొందరగా అడుక్కి దిగుతుంది. పావుగంట పడుతుంది.”

“ఇప్పుడే అరవొచ్చుగా?”

“రుజువు లేకుండా అరిస్తే మన టీకా మంచిది కాదని ఊరంతా పాకుతుంది. మీ నీలి గొడుగు పని నేను చేసిపెట్టినట్టవుతుంది.”

“తెలివైనవారే.” ఆమె ఎదురుగా కూర్చుంది. “కూర్చోండి. పది దాటేదాకా మీరు ఇక్కడే.”

ఇద్దరూ సీసాల్ని చూస్తూ కూర్చున్నారు. ఫ్యాన్ తిరుగుతోంది. బయట ఎవరి బిడ్డో ఏడుస్తోంది.

“తాళంచెవి?” అన్నాడు.

“మీరు రెండో కప్పు టీ పెడుతున్నప్పుడు. సబ్బుముక్క మీద అచ్చు. నిన్న రాత్రి మీరు జనరేటర్ వదిలెళ్లాక చల్లగదిని సున్నా కిందికి దించి, తెల్లారేసరికి మళ్లీ నాలుగుకి తెచ్చాను.”

“ఆ పాట గురించి అడిగింది కూడా అందుకేనా?”

ఆమె పిస్తోలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. అతనే మళ్లీ అడిగాడు. “మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?”

“ఒక్కదాన్నే.”

“గత రెండు వారాల్లో జ్వరం?”

“వచ్చింది.” ఆమె కిటికీ వైపు చూసింది. “ఎవరూ అడగలేదు.”

తొమ్మిదీ యాభై ఏడు. నమూనా సీసా ఇంకా తెల్లగానే ఉంది. రెండోదానిలో తునకలు తునకలుగా అడుక్కి దిగి, పైన నీళ్లు తేటపడ్డాయి.

“అయ్యో పాపం, జ్వరం సంగతి ముందే అడగాల్సింది,” అంటూ పెన్ను నొక్కాడు. సూది రాలేదు. సిరా వచ్చింది, అయిదేళ్ల సిరా, నేరుగా ఆమె కళ్లలోకి. పిస్తోలు పేలి ఫ్యాన్‌కి తగిలింది. అతను రెండు సీసాలూ గుప్పిట్లో పట్టుకుని కిటికీలోంచి దూకాడు.

ఇక్కడ మొదటి సూది పడ్డాక ఫోన్ వెళ్తేనే మిగతా సెంటర్లు మొదలుపెట్టాలి. ముసలి నర్సు సిరంజి నింపి, ఒక పసివాడి తొడ మీద దూదితో తుడుస్తోంది.

“ఆగండమ్మా.”

“ఎవరయ్యా నువ్వు?”

“స్టోర్‌కీపర్ని.”

“ఇక్కడ స్టోర్‌కీపర్ ఉన్నాడా?”

జవాబుగా రెండు సీసాలూ చూపించాడు. ఒకటి పాలల్లే ఉంది, ఇంకోదానిలో తునకలు తేలుతున్నాయి. ముప్పై ఏళ్ల సర్వీసు ఆమెది. ఒక్కసారి చూసి సిరంజి ట్రేలో పడేసింది. “టీకా గడ్డకట్టిపోయిందర్రా. ఎవరూ ఫోన్ చెయ్యొద్దు. కొత్త సరుకు వచ్చాక పిలుస్తాం, ఇళ్లకెళ్లండమ్మా.”

గోడ గడియారం పది కొట్టింది.

కొత్త సరుకు గురువారం వచ్చింది. నలభై వేలమంది పిల్లలూ గొంతు చించుకుని ఏడ్చారు. గొంతులన్నీ భేషుగ్గా ఉన్నాయని పెద్దాయన తేల్చి, నలభై ఒకటికి ఉచితంగా గడ్డం గీశాడు. దూది కూడా ఉచితమే. సర్వే మేడమ్‌ని నీలం ముఖంతోనే తీసుకెళ్లారు. ఆమె స్వెట్టర్ పార్సిల్‌లో జైలుకి వెళ్లిందట. పంపినవారి పేరు లేదు.

మరుసటి నెల మొదటి శనివారం, మూడు గంటలకి, తలుపు చప్పుడైంది. చెప్పులరిగిన ఒకావిడ, చంకలో ఫైలు. ఈసారి నిజమైన సర్వే. అరవై నాలుగు ప్రశ్నలు. ఎంతమంది, జ్వరమా, నీళ్లు ఎక్కడివి, అన్నిటికీ నలభై ఒకటి బుద్ధిగా జవాబు చెప్పాడు. రెండో కప్పులో టీ పోశాడు.

“అయిపోయాయండి,” అని ఆవిడ ఫైలు మూసింది.

“ఒకదానికేదో తప్పు చెప్పినట్టున్నాను,” అన్నాడు నలభై ఒకటి. “ఏదో గుర్తులేదు. మొదట్నించి ఇంకోసారి అడుగుతారా?”