నిజం రాసిన సీవీ

"ఇద్దరు ఏజెంట్లు పట్టుబడ్డారు. ఇద్దరూ ఇంటర్వ్యూలోనే."

చీఫ్ మల్లికార్జున ఫైలు మూశాడు. అనంతపురంలో పైకి టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లా కనిపించే ఆ గదికి లోపలి నుంచి గడియ వేసి ఉంది.

"ఉరవకొండ దగ్గర గాలిమరల కంపెనీ ఒక విదేశీ ముఠా ముసుగు. వచ్చే శుక్రవారం పదకొండు గంటలకు దాని కంట్రోల్ రూమ్ నుంచి పవర్ గ్రిడ్‌ను కూల్చబోతున్నారు. అక్కడ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ. ఇదిగో నీ సీవీ. బెంగళూరులో ఎంబీఏ."

ఏజెంట్ సువార్త ఆ కాగితాన్ని అడ్డంగా చించేసింది. ఆమెది బత్తలపల్లె. పన్నెండేళ్లుగా వేరుశనగ చేలల్లో కూలీల మేస్త్రీ. ఆ పని మాటునే నాలుగేళ్లుగా గూఢచారి.

"వాళ్లిద్దరూ అబద్ధం రాసే దొరికినారు సార్. నాది నేను రాసుకుంటా."

"ఏం రాస్తావ్? కూలి పనా?"

"ఆ పనిలో నేర్చినదంతా."

రాసింది. నలభై మందిని కూడగట్టి పని చేయించడం: టీమ్ మేనేజ్‌మెంట్. మూటల తూకంలో మోసం పట్టడం: క్వాలిటీ ఆడిట్. వాన మొహం చాటేస్తే గంటలో పనుల వరస మార్చడం: క్రైసిస్ ప్లానింగ్. గూఢచారి పని ఊసు లేదు. మిగతా ప్రతి అక్షరం నిజం.

ఇంటర్వ్యూ చేసింది హెచ్ఆర్ హెడ్ ఇంద్రాణి. పచ్చ సిల్కు చీర, మత్తెక్కించే సెంటు. ముఠా జీతం తీసుకుంటూనే ఢిల్లీకి రహస్యాలు పంపే డబుల్ ఏజెంట్. చివరికి ఎవరి పక్షమో చీఫ్‌కే తెలియదు.

"కూలి పని కూడా సీవీలో రాస్తారా?"

"చేసిన పని మేడం. దాంట్లో సిగ్గేముండాది?"

ఇంద్రాణి సీవీలో ఉన్న నంబరుకు ఫోన్ కొట్టింది. స్పీకర్లో రైతు శ్రీరంగప్ప గొంతు ఖంగుమంది. "సువార్తమ్మనా? ఆయమ్మ చెప్తే కూలోళ్లే కాదు, నేనూ వినల్ల!"

ఉద్యోగం వచ్చింది. వారంలో కంట్రోల్ రూమ్ ఆపరేటర్లు ఆరుగురూ ఆమెను అక్కా అనసాగారు.

శుక్రవారం. పది యాభై ఎనిమిది.

"టెస్ట్ రన్," అన్నాడు ముఠా నాయకుడు విక్టర్. ఆరుగురూ ఒకేసారి నొక్కితేనే కమాండ్ వెళుతుంది. వేళ్లు మీటల మీదికి చేరాయి. సువార్త చెవికమ్మలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు గుసగుసలాడింది: "మా జీపులు రావడానికి ఇంకా నాలుగు నిమిషాలు."

నాలుగు నిమిషాలు లేవు. ఆమె గది మధ్యకు నడిచింది.

"ఆపండప్పా! ఇది టెస్ట్ కాదు. ఆస్పత్రుల్లో కూడా కరెంటు పోతాది. చేతులు తీయండి!"

విక్టర్ పిస్టల్ ఆమె నుదుటికి గురిపెట్టాడు. ఆమె అడుగు వెనక్కి వేయలేదు.

"కాల్చుకో. వీళ్లు మాత్రం నొక్కరు."

ఆపరేటర్లలో అందరికన్నా పెద్దవాడైన కుళ్లాయప్ప చేతులు కట్టుకున్నాడు. తర్వాత పక్కవాడు. చివరి చెయ్యి మీటను వదిలేసరికి పదకొండుకు మూడే సెకన్లు. విక్టర్ వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. అదే క్షణంలో ఒక చిన్న పిస్టల్ అతని మెడకు తగిలింది.

"తుపాకీ కింద పడెయ్," అంది ఇంద్రాణి.

జీపులు వచ్చి విక్టర్‌ను తీసుకుపోయాక ఇద్దరు ఆడవాళ్లూ గేటు బయట ఎండలో నిలబడ్డారు.

"నా ఉద్యోగం పోయింది," నిట్టూర్చింది ఇంద్రాణి. "పదేళ్లు రెండు వైపులా పనిచేశాను. సీవీలో ఏమని రాసుకోవాలి?"

సువార్త కాస్త ఆలోచించింది.

"ఇద్దరు బాసులను ఒకేసారి నమ్మించిన అనుభవం ఉండాదని రాసుకో మేడం. యాడైనా తీసుకుంటారు."